ఎవరు గొప్ప బాక్సర్? – మన ఫౌజీ కెప్టెన్ హవాసింగ్ కథ

తెలుగువాళ్ళం పదిమందిమి ఒకచోట చేరితే ఏదో ఒక వాదన పెట్టుకోకుండా విడిపోము. రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అన్న చర్చతోనే ఇరవై ఏళ్ళ సర్వీసు గడిపేసిన మహానుభావులు మనలో ఉన్నారు. కొన్నేళ్ళ క్రితం ఢిల్లీ కంటోన్మెంటులో ఒక ఉగాది కలయికలో, పులిహోర ప్లేట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా, ఆ వాదన ఎలాగో బాక్సింగ్ మీదికి మళ్ళింది. ఇప్పటిదాకా పుట్టిన బాక్సర్లందరిలోకీ గొప్పవాడెవరు అని. ఎయిర్‌ఫోర్సు మిత్రుడొకరు మహమ్మద్ అలీ తప్ప ఇంకో పేరు ఎత్తనివ్వలేదు. నేవీ నుంచి రిటైరైన పెద్దాయన తమ డింకో సింగ్‌ను వదల్లేదు. ఆడవాళ్ళు మేరీ కోమ్ అన్నారు. నిజామాబాద్ వాళ్ళు సహజంగానే నిఖత్ జరీన్ అన్నారు.

నేను హవాసింగ్ పేరు చెప్పాను. సర్వీసులో ఉన్న కుర్రవాళ్ళలో సగంమందికి ఆ పేరే తెలియదు. మేము నిలబడి మాట్లాడుకుంటున్న చోటికి మూడు గంటల ప్రయాణం దూరంలో పుట్టి, మనం వేసుకున్న యూనిఫారమే వేసుకుని, ఆసియాను రెండుసార్లు గెలిచిన మనిషి మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధ కలిగించింది. ఈ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, రాస్తే ఆయన గురించే రాయాలనుకున్నాను.

ముందు ఆ వాదన సంగతి కొంచెం చూద్దాం, ఎందుకంటే హవాసింగ్ విలువ తెలియాలంటే అదీ అవసరమే.

అలీ గొప్పతనాన్ని కాదనేవాళ్ళు తక్కువ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం, 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ కిరీటం, ఆ తర్వాత మరో రెండుసార్లు అదే కిరీటం. అయితే 1967లో వియత్నాం యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరనని నిలబడ్డాడు. బిరుదు లాగేసుకున్నారు, మంచి వయసులో మూడేళ్ళకు పైగా రింగుకు దూరమయ్యాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పు చెప్పింది. మన మెస్సుల్లో అలీ పేరు వచ్చినప్పుడల్లా సరిగ్గా ఇక్కడే గొంతులు రెండుగా చీలిపోతాయి. ఆర్డరంటే ఆర్డరే అనేవాళ్ళు ఒకవైపు, నమ్మిన దానికోసం అంత నష్టపోయినవాడు కూడా ధైర్యవంతుడే కదా అనేవాళ్ళు ఇంకోవైపు. నేను రెండో వైపు. ఈ విషయంలో నాతో ఏకీభవించని పాత మిత్రులు చాలామంది ఉన్నారు, ఈ వ్యాసం చదివి ఫోను చేస్తారని కూడా తెలుసు.

మొదటివైపు వాళ్ళ దేవుడు జో లూయీ. 1937 నుంచి 1949 దాకా ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్, వరుసగా 25 సార్లు ఆ పట్టం నిలబెట్టుకున్నాడు. 1942లో అమెరికా సైన్యంలో చేరాడు, ఆ ఏడాది రెండు పోటీల్లో తనకు వచ్చిన డబ్బును ఒకటి నేవీ సహాయనిధికి, ఒకటి ఆర్మీ సహాయనిధికి ఇచ్చేశాడు. అలాంటి మనిషిని ఆ తర్వాత ఇన్‌కమ్‌టాక్సు వాళ్ళు బాకీల కింద ఏళ్ళ తరబడి పీల్చి పిప్పి చేశారు. 1981లో చనిపోతే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు.

ఇలా ఒక్కొక్కరి వెనక ఒక్కో కథ ఉంది. కానీ పోల్చడానికి కొలబద్ద ఏది? ఆ రోజుల్లో డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ చాంపియన్‌షిప్ పోటీ 15 రౌండ్లు. మన సర్వీసెస్ బాక్సర్లు ఆడే అమెచ్యూర్ బాక్సింగు మూడే రౌండ్లు. ఒకటి పదిహేను మైళ్ళ రూట్‌మార్చ్ లాంటిది, ఇంకొకటి బ్యాటిల్ ఫిజికల్ టెస్టులో పరుగు లాంటిది. రెండింటికీ దమ్ము కావాలి, కానీ ఒకే రకం దమ్ము కాదు. పైగా బరువుల తేడా ఒకటి. యాభై ఏడు కిలోల మనిషినీ, తొంభై కిలోల మనిషినీ ఎలా పోలుస్తాం? అందుకే షుగర్ రే రాబిన్సన్ లాంటివాళ్ళ కోసం పౌండుకు పౌండు అనే లెక్క పుట్టించారు. అదీ ఊహే, తక్కెడలో తూచేది కాదు. క్యూబాకు చెందిన టియోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్ మూడింటిలోనూ హెవీవెయిట్ బంగారు పతకం గెలిచి, అమెరికా వాళ్ళు ఆశ చూపిన డబ్బును కాదని అమెచ్యూర్‌గానే ఉండిపోయాడు. ఆయన గొప్పా, అలీ గొప్పా అంటే తేల్చేదెవరు? వాళ్ళిద్దరూ ఎప్పుడూ తలపడలేదు.

అందుకని నేను ప్రపంచం సంగతి పక్కన పెట్టి, మన ఇంటి సంగతి చూసుకుందామంటాను. మన దేశంలో గొప్ప బాక్సర్ ఎవరు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది.

హవాసింగ్ 1937 డిసెంబరు 16న భివానీ ప్రాంతంలోని ఉమర్‌వాస్ అనే పల్లెలో పుట్టారు. ఇంటిపేరు షియోరాన్. హరియాణా అనే రాష్ట్రం అప్పటికి లేదు. ఇసుకనేల, సజ్జ, ఆవాలు, శనగ తప్ప పెద్దగా పండని మెట్ట ప్రాంతం. రాజస్థాన్ ఎడారి గాలి అక్కడిదాకా వస్తుంది. పాడికి మాత్రం లోటు లేదు. అలాంటి ఊళ్ళలో మగపిల్లవాడి ముందున్న దారులు రెండే, ఒకటి పొలం, రెండు ఫౌజు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం ఎలాగో, అక్కడ ఊరూరా అలాగే. ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద యూనిఫారంలో ఒక ఫొటో ఉంటుంది.

హవా అంటే గాలి. కొడుక్కి గాలి అని పేరు పెట్టడం మనకు వింతగా ఉంటుంది గానీ, ఆలోచిస్తే మన పురాణాల్లో బలవంతులిద్దరూ, హనుమంతుడూ భీముడూ, గాలి కొడుకులే. భివానీలో ఉన్న స్టేడియం పేరు కూడా భీమ్ స్టేడియమే. హరియాణా ప్రభుత్వం క్రీడాకారులకు ఇచ్చే అవార్డు పేరూ భీమ్ అవార్డే. మన వైపు కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడని అన్నట్టు, ఆ ప్రాంతం వాళ్ళకు కూడా బలమంటే భీముడే గుర్తుకొస్తాడు.

1956లో, పంతొమ్మిదో ఏట, హవాసింగ్ సైన్యంలో చేరారు. పల్లెలో కుస్తీ, కబడ్డీ ఉన్నాయి గానీ గ్లోవ్స్ తొడుక్కుని రింగులో దిగే ఆట ఫౌజు ఆట. సివిల్‌లో ఉన్న పాఠకుల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ట్రైనింగ్ సెంటర్లలో నోవిసెస్ బాక్సింగ్ అని ఒకటి ఉంటుంది. జన్మలో గ్లోవ్స్ ముట్టుకోని రంగరూట్లను బరువు చూసి జతలుగా కట్టి రింగులోకి తోస్తారు. నేను 1979లో జబల్‌పూర్‌లో సిగ్నల్స్ సెంటర్లో రంగరూట్‌గా ఉన్నప్పుడు నాకూ ఆ యోగం పట్టింది. దెబ్బలంటే భయంతో దిగాను. తీరా చూస్తే దెబ్బలు పెద్ద సంగతి కాదు. రెండో రౌండు సగంలో నా చేతులు నా మాట వినడం మానేశాయి. గ్లోవ్స్ చూడటానికి దూదిపింజల్లా ఉంటాయి, కానీ నాలుగైదు నిమిషాలు వాటిని గడ్డం దగ్గర పట్టుకుని నిలబడి చూడండి, భుజాల్లో నిప్పులు పోసినట్టుంటుంది. చేతులు కిందికి జారిన క్షణమే ఎదుటివాడి గుద్దు పడుతుంది. నా ముక్కు నుంచి రక్తం కారింది, ఉస్తాద్ తువ్వాలు ఇచ్చాడు, నా బాక్సింగ్ జీవితం అంతటితో సరి. కానీ ఆ రోజు నుంచీ రింగులో తొమ్మిది నిమిషాలు పూర్తిగా నిలబడే మనిషంటే నాకు వేరే గౌరవం.

అలా యూనిట్ రింగులో మొదలైనవాడు అక్కడి నుంచి బ్రిగేడ్, డివిజన్, కమాండ్, ఆ తర్వాత మొత్తం ఆర్మీ, ఆపైన మూడు దళాలు కలిసిన సర్వీసెస్ పోటీలు, చివరికి నేషనల్స్. ఒక్కో మెట్టు దగ్గరా వందలమంది ఆగిపోతారు. హవాసింగ్ పేరు మొదటిసారి గట్టిగా వినపడింది 1960లో, వెస్టర్న్ కమాండ్ పోటీల్లో. అప్పటికి చాంపియన్‌గా ఉన్న మొహబ్బత్ సింగ్‌ను ఓడించి కమాండ్ చాంపియన్ అయ్యారు. చేరిన నాలుగేళ్ళకు కమాండ్‌ను గెలవడమంటే ఏమిటో ఫౌజులో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

మరుసటి ఏడాది, 1961లో, హెవీవెయిట్‌లో నేషనల్ చాంపియన్. ఆ పట్టం 1972 దాకా ఇంకెవరి చేతికీ పోలేదు. వరుసగా 11 సార్లు జాతీయ చాంపియన్.

ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇరవై మూడేళ్ళ వయసులో గెలిచినవాడు ముప్పై నాలుగేళ్ళ వయసులోనూ గెలుస్తూనే ఉన్నాడు. అప్పట్లో హెవీవెయిట్ అంటే 81 కిలోలకు పైన ఎంత బరువున్నవాడైనా సరే. ఇప్పటిలా ఆ పైన ఇంకో సూపర్ హెవీ తరగతి లేదు. అది 1980ల్లో వచ్చింది. అంటే ఎదుటివాడు మీకంటే ఇరవై కిలోలు ఎక్కువున్నా వద్దనడానికి లేదు. తలకు రక్షణగా కట్టుకునే హెడ్‌గార్డు కూడా అప్పటికి పోటీల్లోకి రాలేదు. ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట, రైల్వేస్‌లోనో ఇంకో రెజిమెంటులోనో, ఒక కొత్త కుర్రాడు తయారవుతాడు, వాడికి ఒకే ఒక్క లక్ష్యం, హవాసింగ్‌ను పడగొట్టి పేరు తెచ్చుకోవడం. చాంపియన్ మాత్రం ఏడాదికేడాది ఒక ఏడు పెద్దవాడవుతుంటాడు. పైగా ఆ పదకొండేళ్ళు మామూలు ఏళ్ళా? 1962 చైనా యుద్ధం, 1965 యుద్ధం, 1971 యుద్ధం, మూడూ ఆ మధ్యలోనే. దేశంలో ఫౌజు అంతా అటూ ఇటూ కదిలిన రోజులు. అలాంటి కాలంలో ఒక ఫౌజీ పట్టం వదలకుండా నిలబెట్టుకున్నాడు.

ఆసియా క్రీడల్లో మన బాక్సింగుకు మొదటి బంగారు పతకం తెచ్చింది కూడా సైన్యం మనిషే. 1962 జకార్తాలో లైట్‌వెయిట్‌లో గూర్ఖా వీరుడు పదమ్ బహదూర్ మల్. హవాసింగ్ వంతు ఆ తర్వాత నాలుగేళ్ళకు వచ్చింది.

1966 నవంబరు 1న హరియాణా రాష్ట్రం పుట్టింది. డిసెంబరు 9న బ్యాంకాక్‌లో అయిదో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. నెలన్నర కూడా నిండని రాష్ట్రం నుంచి వెళ్ళిన మనిషి హెవీవెయిట్ ఫైనల్‌కు చేరారు. ఎదురుగా పాకిస్తాన్ బాక్సర్ అబ్దుల్ రెహమాన్. 1965 యుద్ధంలో కాల్పులు ఆగి అప్పటికి పదిహేను నెలలే. తాష్కెంట్ ఒప్పందం, శాస్త్రి గారి మరణం ఆ సంవత్సరం జనవరి సంగతులే. రింగులో ఒక భారత సైనికుడు, ఎదురుగా పాకిస్తాన్ మనిషి. ఆ తొమ్మిది నిమిషాలు రేడియో దగ్గర కూర్చున్న మన యూనిట్లలో ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆటను ఆటలాగే చూడాలన్నది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఆ రెండు దేశాల్లో ఎవరైనా ఆటను ఆటలాగే చూసి ఉంటారంటే నమ్మను. హవాసింగ్ గెలిచారు. ఆ సంవత్సరానికే అర్జున అవార్డు వచ్చింది. 1968లో సైన్యాధిపతి జనరల్ కుమారమంగళం గారి చేతుల మీదుగా ఉత్తమ క్రీడాకారుడి ట్రోఫీ అందుకున్నారు.

ఆరో ఆసియా క్రీడలు 1970లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో జరగాల్సింది. వాళ్ళు తప్పుకోవడంతో మళ్ళీ బ్యాంకాకే ఆదుకుంది. మళ్ళీ డిసెంబరు 9 నుంచి 20 దాకానే. అంటే హవాసింగ్ పుట్టినరోజు రెండు క్రీడల్లోనూ పోటీల మధ్యలోనే వచ్చింది. మొదటిసారి 29 నిండాయి, రెండోసారి 33. బాక్సింగులో 33 అంటే చాలామంది ఇంటికి వెళ్ళిపోయే వయసు. ఫైనల్లో ఇరాన్‌కు చెందిన ఒమ్రాన్ ఖతామీని ఓడించి రెండో బంగారు పతకం తెచ్చారు. వరుసగా రెండు ఆసియా క్రీడల్లో బాక్సింగ్ స్వర్ణం గెలిచిన భారతీయుడు అప్పటికి లేడు. అర్ధశతాబ్దం దాటింది, ఇప్పటికీ ఇంకొకరు లేరు.

సరిగ్గా ఏడాదికి, 1971లో అదే డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాయి. మనమందరం విజయ్ దివస్ జరుపుకునే రోజు ఆయన పుట్టినరోజు కావడం కేవలం కాకతాళీయమే. అయినా ప్రతి ఏడాదీ ఆ రోజు నాకు గుర్తొస్తుంది.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి, ఏ మాటకామాటే. ఆ ఉగాది నాడు నాతో వాదించిన మిత్రులు తెలివైనవాళ్ళే. మొదటి అభ్యంతరం ఒలింపిక్స్. హవాసింగ్‌కు ఒలింపిక్ పతకం లేదు, ఆ రింగులో దిగే అవకాశమే ఆయనకు రాలేదు. రెండోది, అప్పటి ఆసియా ఇప్పటి ఆసియా కాదు. చైనా ఆసియా క్రీడల్లోకి వచ్చింది 1974లో. బాక్సింగులో పులుల్లాంటి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగం. అవి విడిపోయాక 1994 హిరోషిమా క్రీడల నుంచే మన ఖండం పోటీల్లోకి వచ్చాయి. ఆసియాలో హెవీవెయిట్లు సహజంగానే తక్కువ. కాబట్టి డింకో సింగ్ 1998లో అదే బ్యాంకాక్‌లో గెలిచిన పతకం బరువు ఎక్కువ అన్నారు నేవీ పెద్దాయన.

ఈ మాటలో నిజం ఉంది. 1982 తర్వాత పదహారేళ్ళు మన బాక్సింగుకు ఆసియా క్రీడల్లో బంగారమే లేదు, ఆ కరువు తీర్చింది మణిపూర్ నుంచి వచ్చి నేవీలో చేరిన డింకోనే. 2021 జూన్‌లో ఆయన 42 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోరాడి వెళ్ళిపోయారు. ఆయన్ను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఎవరు ఎదురొస్తే వాళ్ళనే కదా ఓడించగలం? రానివాళ్ళను ఓడించలేదని తప్పు పడితే జో లూయీ కూడా నిలబడడు, ఆయన ప్రత్యర్థులు కూడా అంతంతమాత్రం వాళ్ళేనని అప్పటి పత్రికలు ఎగతాళి చేశాయి. పైగా ఆ తర్వాత మనవాళ్ళు ఎంతో సదుపాయం చూశారు, విదేశీ కోచ్‌లు వచ్చారు, విదేశాల్లో శిక్షణ దొరికింది. పుణెలో ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది 2001లో. హవాసింగ్ ఆడిన కాలంలో అదేదీ లేదు. ఒక ఫౌజీ, అతని యూనిట్, ఒక రింగు, లంగర్ భోజనం. అంతే.

హెవీవెయిట్ గురించి చెబుతున్నప్పుడు కౌర్ సింగ్‌ను మరిచిపోకూడదు. పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లాకు చెందిన ఆర్మీ మనిషి. 1980 జనవరిలో అలీ ఢిల్లీ వచ్చినప్పుడు నేషనల్ స్టేడియంలో ఆయనతో నాలుగు రౌండ్ల ఎగ్జిబిషన్ పోటీ ఆడారు. అది గెలుపు ఓటముల పోటీ కాదు, అయినా అలీ ముందు నిలబడటమంటే మాటలా? 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ బంగారం కౌర్ సింగ్‌దే. 2023 ఏప్రిల్‌లో చనిపోయారు. ఢిల్లీలో అలీతో మనవాడొకడు తలపడ్డాడని చెబితే కుర్రవాళ్ళు ఇప్పటికీ నమ్మరు.

నా వాదనలో అసలు బలం హవాసింగ్ గెలిచిన పతకాలు కాదు. ఆ తర్వాత ఆయన చేసిన పని.

ఆట మానేశాక ఆయన భివానీకి తిరిగి వెళ్ళి పిల్లలకు బాక్సింగ్ నేర్పారు. అక్కడ స్పోర్ట్స్ అథారిటీ బాక్సింగ్ కేంద్రం నిలదొక్కుకోవడానికి ఆయనే మూలస్తంభం. ఫౌజులో దొరికిన విద్యను తీసుకెళ్ళి ఊళ్ళో పంచారు. మన రిటైరైనవాళ్ళలో ఎంతమందిమి ఆ పని చేశాం? నేను సిగ్నల్స్‌లో నేర్చుకున్నదంతా ద్వారకాలోని మా ఫ్లాటులో ఫ్యూజులు మార్చడానికే పనికొచ్చిందని మా ఆవిడ అంటుంది. భివానీని ఛోటీ కాశీ అంటారు, గుళ్ళు ఎక్కువ కాబట్టి. అలాంటి ఊరు బాక్సింగ్ ఊరుగా మారిందంటే అందులో హవాసింగ్ చెమట ఉంది. కుస్తీ గోదాల ప్రాంతంలో, ముక్కు పగిలే ఆట నేర్పిస్తానంటే తల్లిదండ్రులు పిల్లల్ని పంపాలి కదా. వాళ్ళకు నమ్మకం కలగడానికి ముందు కళ్ళెదుట ఒక మనిషి కనపడాలి. అర్జున అవార్డు గ్రహీత రాజ్‌కుమార్ సాంగ్వాన్ ఆయన శిష్యుల్లో పేరున్నవాడు.

గురువుగా ఆయన చేసిన సేవకు 1999 సంవత్సరానికి ద్రోణాచార్య అవార్డు ప్రకటించారు. 2000 ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, అందుకోవాల్సింది. ఆగస్టు 14న భివానీలో ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. అరవై మూడు కూడా నిండలేదు. పదిహేను రోజుల తేడా. రాష్ట్రపతి నారాయణన్ గారి చేతుల మీదుగా ఆ అవార్డును ఆయన భార్య అంగూరీ దేవి గారు అందుకున్నారు. నేను ఆ సంవత్సరం ఢిల్లీలోనే పోస్టింగులో ఉన్నాను. మరునాడు ఇండిపెండెన్స్ డే కాబట్టి బందోబస్తు డ్యూటీలతో ఊపిరాడని రోజులవి. ఆ వార్త మా లైన్లలో ఎవరి నోటా పెద్దగా వినపడలేదు. హరియాణా కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు మాత్రం ఆ పూట లంగర్‌లో భోజనం ముట్టలేదు.

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి అయిదుగురు బాక్సర్లు వెళ్ళారు. వాళ్ళలో నలుగురు భివానీ వాళ్ళే. అఖిల్ కుమార్, జితేందర్ కుమార్ క్వార్టర్ ఫైనల్స్ దాకా వెళ్ళారు. భివానీ పక్కనే ఉన్న కాలువాస్ ఊరి విజేందర్ సింగ్ కంచు పతకం తెచ్చాడు, ఒలింపిక్స్‌లో మన బాక్సింగుకు అదే మొదటి పతకం. వాళ్ళను తీర్చిదిద్దిన కోచ్ జగదీశ్ సింగ్. ఆయనకూ ద్రోణాచార్య వచ్చింది, ఆ గౌరవం ఆయనదే, అందులో వాటా అడగడం లేదు. కానీ అదే ఊళ్ళో పాతికేళ్ళ ముందు ఒకరు నేల దున్ని ఉంచకపోతే ఆ పంట అంత తొందరగా వచ్చేదా? అప్పుడు టీవీ వాళ్ళంతా ఢిల్లీ నుంచి వ్యాన్లు వేసుకుని భివానీ పరిగెత్తారు, దానికి మినీ క్యూబా అని పేరు పెట్టారు. స్టీవెన్సన్ దేశం పేరు హవాసింగ్ ఊరికి వచ్చింది. నాకు ఆ పేరు అంత నచ్చలేదు గానీ, పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే.

ఇందుకే మన దేశంలో గొప్ప బాక్సర్ ఎవరంటే నా ఓటు ఆయనకు. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, పతకాలు లెక్కపెడితే ఆమె ముందు ఎవరూ నిలబడరు, మగవాళ్ళతో సహా. మన నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఇక్కడే ఢిల్లీలో ఇందిరా గాంధీ స్టేడియంలో ప్రపంచ చాంపియన్ అయింది. అదే నిజామాబాద్ నుంచి వచ్చి సర్వీసెస్ తరఫున ఆడిన హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో కంచు పతకం తెచ్చాడు. వీళ్ళందరి పక్కనా హవాసింగ్ పతకాలు రెండే. అయితే ఆయన ఆడిందీ గెలిచిందీ ఒక లెక్క, ఊరిని నిలబెట్టింది ఇంకో లెక్క. రెండూ కలిపి చూడకపోతే ఫౌజీని అన్యాయంగా తూచినట్టే. మిత్రులు ఒప్పుకోకపోతే వచ్చే ఉగాదికి మళ్ళీ వాదించుకుందాం, పులిహోర ఎటూ ఉంటుంది.

భివానీ వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. బహదూర్‌గఢ్, రోహ్‌తక్ మీదుగా రోడ్డు బాగానే ఉంటుంది, రైలు కూడా ఉంది. ఇప్పుడది జాతీయ రాజధాని ప్రాంతం పరిధిలోదే. ఉమర్‌వాస్ మాత్రం 2016లో కొత్తగా ఏర్పడిన చర్ఖీ దాద్రీ జిల్లాలోకి పోయింది.

ఆయన కొడుకు సంజయ్ షియోరాన్ కూడా హెవీవెయిట్ బాక్సరే, ఇప్పుడు తండ్రి పేరుతో భివానీలో అకాడమీ నడుపుతూ పిల్లలకు నేర్పుతున్నారు. సంజయ్ గారి కూతురు నూపుర్ 2025 సెప్టెంబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 80 కిలోల పైబడిన తరగతిలో ఫైనల్ దాకా వెళ్ళి, పోలండ్ అమ్మాయి చేతిలో స్వల్ప తేడాతో ఓడి, వెండి పతకంతో వచ్చింది. తాతగారు ఆడిన పైబరువు తరగతిలోనే. అదే పోటీల్లో 57 కిలోల తరగతిలో బంగారు పతకం గెలిచిన జైస్మిన్ లంబోరియా కూడా భివానీ అమ్మాయే. ఆమె మన ఆర్మీలో పనిచేస్తోంది.